మూడు ప్రశ్నలు, ఒక బిస్కెట్ డబ్బా: పదో తరగతిలో నేను పాఠం మొదలుపెట్టే తీరు

నా సర్వీసులో చాలా బాగా చెప్పానని నేననుకున్న పాఠం పదో తరగతి ప్రసరణ వ్యవస్థ. నాలుగేళ్ల కిందటి మాట. ముందు రోజు రాత్రి పదకొండింటి దాకా కూర్చొని చార్ట్ వేశాను. రంగు చాక్‌పీసులు కొన్నాను. గుండె కొట్టుకునే వీడియో ఒకటి ఫోన్‌లో ఎక్కించుకొని, ప్రొజెక్టర్ ఉన్న గదిని ఆ పీరియడ్‌కు అడిగి తీసుకున్నాను. పీరియడ్ అంతా నేనొక్కదాన్నే మాట్లాడాను. పిల్లలు కళ్లు ఆర్పకుండా విన్నారు. బెల్ కొట్టాక ఒకమ్మాయి దగ్గరికొచ్చి "టీచర్, ఇయ్యాల మస్తు చెప్పిన్రు" అంది. స్టాఫ్‌రూంలో టీ తాగుతూ ఆ మాట ఇద్దరికి చెప్పుకున్నాను కూడా.

అది శుక్రవారం. సోమవారం వెళ్లి, "ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తం గుండెలో ఏ గదిలోకి వస్తుంది?" అని అడిగాను. నలభై రెండు మందిలో ముగ్గురు చేతులెత్తారు. ఆ ముగ్గురిలో ఇద్దరు తప్పు చెప్పారు. మస్తు చెప్పానన్న అమ్మాయి "యాదికొస్తలేదు టీచర్" అని తల దించుకుంది.

నాకు కోపమొచ్చింది, పిల్లల మీదే. "సెల్లు చూసి చూసి మీ బుర్రలు..." అని మొదలుపెట్టి ఐదు నిమిషాలు దులిపేశాను. సాయంత్రం ఇంటికెళ్తుంటే దారిలో లెక్క వేసుకున్నాను. చార్ట్ వేసింది ఎవరు? నేను. మాట్లాడింది? నేను. చివర్లో సారాంశం చెప్పింది? అదీ నేనే. అందుకే గుండె బొమ్మ నాకు కళ్లు మూసుకున్నా వేయడం వస్తుంది. ఆ పీరియడ్‌లో వాళ్ల మెదడుకు నేనేం పని ఇచ్చాను? చూడమన్నాను, అంతే.

నేను ముషీరాబాద్ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. మెదడు మీద నాకు పట్టా ఏమీ లేదు. ఆ సోమవారం తర్వాత చదివినవి, క్లాసులో చేసి చూసినవి, చేసి చేతులు కాల్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీది మ్యాథ్స్ అయినా సోషల్ అయినా చాలావరకు పనికొస్తుంది.

క్లాసులోకి వెళ్లగానే

ముందు ఇది చేయండి. మిగతావేవీ చేయకపోయినా ఫరవాలేదు.

హాజరు తీసుకోకముందే బోర్డు మీద మూడు ప్రశ్నలు రాస్తాను. ఒకటి నిన్న చెప్పిన దాంట్లోంచి, ఒకటి పోయిన వారం దాంట్లోంచి, ఒకటి కనీసం నెల కిందటి పాఠం నుంచి. పుస్తకాలు మూసెయ్యాలి. రఫ్ నోట్స్ చివరి పేజీల్లో ఎవరి జవాబులు వాళ్లు రాసుకోవాలి. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో నేను హాజరు పూర్తి చేస్తాను కాబట్టి రాయించడానికి సిలబస్‌లో ఒక్క నిమిషం కూడా పోదు. తర్వాత జవాబులు పిల్లల చేతే చెప్పిస్తాను. తప్పు రాసినవాళ్లు వేరే రంగు పెన్నుతో పక్కనే సరైనది రాసుకుంటారు. మార్కులు లేవు, నోట్సు నా దగ్గరికి రావు.

విసర్జన పాఠం నడుస్తున్న రోజుల్లో ఒక పొద్దున నా బోర్డు ఇలా ఉంది. నిన్నటిది: మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే చిన్న యూనిట్ పేరేమిటి? పోయిన వారానిది: ధమని గోడ సిర గోడ కంటే మందంగా ఎందుకుంటుంది? జూన్‌లోది: చిన్నపేగు లోపల చూషకాలు లేకుండా నున్నగా ఉంటే ఏమవుతుంది? మూడోదానికి పిల్లలు బుర్ర గోక్కుంటారు. గోక్కోవాలి. అలా వెతుక్కునేటప్పుడే పని జరుగుతుంది.

ఎందుకంటే, తలలో పెట్టుకున్నది అలాగే ఉండిపోదు. జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హౌస్ అని ఒకాయన అర్థంపర్థం లేని అక్షరాల గుంపుల్ని తనే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్క కట్టి 1885లో పుస్తకం వేశాడు. మొదటి కొన్ని గంటల్లోనే చాలావరకు జారిపోతుంది, ఆ తర్వాత జారడం నెమ్మదిస్తుంది. నా శుక్రవారం పాఠం సోమవారానికి ఎక్కడికి పోయిందో ఆయన ఎప్పుడో చెప్పాడన్నమాట. మర్చిపోయే దశలో ఒకసారి గుర్తు చేసుకుంటే, రెండోసారి మరిచిపోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. నా మూడు ప్రశ్నల్లో నిన్న, వారం, నెల అని ఎడం పెంచుకుంటూ పోవడం అందుకే.

ఇంకో ప్రయోగం నన్ను బాగా కదిలించింది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చారు. కొందరు దాన్నే మళ్లీ చదివారు. కొందరు చూడకుండా, గుర్తున్నది కాగితం మీద పెట్టారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారైంది, చూడకుండా రాసినవాళ్లు ముందుకొచ్చారు. పరీక్ష ముందు రోజు రాత్రి నాలుగుసార్లు చదివి "అంతా వచ్చేసింది" అనుకొని, హాల్లో కూర్చున్నాక తెల్లమొహం వేసే పిల్లలు మనందరికీ తెలుసు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ రాత్రికి నిజంగానే వచ్చింది.

ఇందులో నేను చేసిన తప్పులు చెప్తాను, మీకు రెండు నెలలు కలిసొస్తాయి.

మొదట్లో మూడు ప్రశ్నలకు మూడు మార్కులన్నాను. రెండో రోజుకే పక్కవాడి నోట్సులోకి మెడలు సాగాయి. మార్కు పెడితే అది ఇంకో స్లిప్ టెస్ట్ అయిపోతుంది, ఎఫ్.ఏ. (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) లకు ఎలాగూ అవి పెడుతూనే ఉన్నాం. మార్కులు తీసేశాక మెడలు వెనక్కి వచ్చాయి. తర్వాత రాయించడం దండగని నోటితో అడిగాను. ముందు బెంచీలో నలుగురు చెప్పేవాళ్లు, మిగతా ముప్పై ఎనిమిది మంది ఆ నలుగుర్నీ వినేవాళ్లు. గుర్తు చేసుకునే పని నలుగురి మెదళ్లే చేశాయి. కాబట్టి రాయించాల్సిందే. మూడో తప్పు పెద్దది. తెలివి చూపించుకోబోయి మూడూ కష్టమైనవే ఇచ్చాను. మూడు రోజులు వరసగా సగం క్లాసు తెల్ల పేజీలు పెట్టింది. నాలుగో రోజు నేను చాక్‌పీస్ తీయగానే ఒకడు "షురూ" అని నిట్టూర్చాడు. అప్పట్నుంచి మూడింటిలో ఒకటి దాదాపు అందరికీ వచ్చేది ఇస్తున్నాను.

బిస్కెట్ డబ్బా సంగతి. ఇంట్లో ఖాళీ అయిన ఉస్మానియా బిస్కెట్ల డబ్బా ఒకటి టేబుల్ మీద పెట్టాను. పాఠం అయిపోయిన రోజు బెంచీకి ఒక చీటీ. ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు. చీటీలన్నీ డబ్బాలోకి. సబ్‌స్టిట్యూషన్ పీరియడ్ పడినా, ఫంక్షన్ రిహార్సల్‌కు సగం మంది పోయినా, డబ్బా తీసి చీటీలు లాగిస్తాను. మొదట్లో వచ్చేవన్నీ "నిర్వచించండి" చీటీలే. పిల్లల తప్పు కాదు, ప్రశ్నంటే అలాగే ఉంటుందని మనమే నేర్పాం. "ఎందుకు"తో ఒకటి, "లేకపోతే ఏమవుతుంది"తో ఒకటి, "ఈ రెండింటికీ తేడా ఏమిటి"తో ఒకటి నేనే రాసి చూపించాక దారిలో పడ్డారు. మంచి ప్రశ్న రాయాలంటే పాఠం అర్థమవ్వాలి. జవాబు రాయడానికి అంత అక్కర్లేదని పాత గైడ్లు చూస్తేనే తెలుస్తుంది.

గుండెలో పడుకున్న పిల్లాడు

ప్రసరణ వ్యవస్థ మళ్లీ చెప్పాలి కదా. ఈసారి చార్ట్ తీయలేదు. వరండాలో నేల మీద చాక్‌పీస్‌తో గుండె గీయించాను. ఇద్దరు మనుషులు పట్టేంత పెద్దది, నాలుగు గదులతో. పైన కర్ణికలు, కింద జఠరికలు. కుడి, ఎడమ అని రాయమన్నాను. రాయగానే గోల.

"గదేంది టీచర్, కుడి అని రాసి ఎడమకు పెట్టిన్రు?"

"మేడం, ఉల్టా హై."

పద్దెనిమిదేళ్లుగా ఈ బొమ్మ చెప్తున్నాను. పుస్తకంలో గుండె కుడి భాగం మన ఎడమ చేతి వైపు ఎందుకుంటుందో ఒక్కసారి కూడా విడమరిచి చెప్పలేదు. నాకు అలవాటైపోయింది కాబట్టి అది ప్రశ్నే కాదనుకున్నాను. ఎన్ని బ్యాచ్‌లు ఈ ఒక్క ముడి దగ్గరే తికమకపడి, పైకి చెప్పలేక బట్టీ కొట్టి ఉంటాయో!

క్లాసులో కాస్త పొట్టిగా ఉండే పిల్లాణ్ని ఆ బొమ్మ మధ్యలో వెల్లకిలా పడుకోమన్నాను. మిగతా అందరూ వాడి కాళ్ల వైపు నిలబడ్డారు. "నీ కుడి చెయ్యి ఎత్తరా" అన్నాను. ఎత్తాడు. అది అందరి ఎడమ పక్కకు లేచింది. రెండు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత వచ్చిన "ఓ..." అనే శబ్దం కోసమే ఈ ఉద్యోగం చేస్తున్నానని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

తర్వాత ఆరుగురిని రక్తం చేశాను. శరీరం నుంచి వచ్చేటప్పుడు చేతికి నీలం రిబ్బను, ఊపిరితిత్తుల నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎర్ర రిబ్బను. ఊపిరితిత్తులు కిటికీ దగ్గర, రిబ్బన్లు మార్చే ఇద్దరు అమ్మాయిలు. శరీరం మంచినీళ్ల కుళాయి దగ్గర. గదికీ గదికీ మధ్య ఇద్దరేసి చేతులు పట్టుకొని కవాటాలయ్యారు. పైనుంచి కిందికి వస్తే తెరవాలి, కింది నుంచి పైకి పోబోతే మూసెయ్యాలి. ఒకడు కావాలనే వెనక్కి తోసుకొచ్చాడు. కవాటం అమ్మాయి "వన్‌వే రా, చలాన్ పడ్తది" అంది. కవాటానికి ఇంతకంటే మంచి నిర్వచనం నా దగ్గర లేదు. (నీలం రిబ్బను చూసి రక్తం నిజంగానే నీలంగా ఉంటుందనుకుంటారు, అది ముందే చెప్పండి. ఆక్సిజన్ తక్కువున్నప్పుడు అది ముదురెరుపు, అంతే.)

ఇంతవరకు చేసి ఆపేస్తే అది ఆటే. ఎ సెక్షన్ పిల్లల్ని లోపలికి తీసుకెళ్లి, వరండా వైపు చూడకుండా బొమ్మ వేసి, బాణాలు పెట్టి, పక్కన రెండు వాక్యాలు రాయమన్నాను. బి సెక్షన్‌కు అదే ఆట ఆడించాను కానీ బెల్ కొట్టేశారు, బొమ్మ వేయించలేదు. వారం తర్వాత ఎ సెక్షన్‌లో సగం మందికి పైగా దారి మొత్తం చెప్పారు. బి సెక్షన్‌ను అడిగితే, ఎడమ జఠరిక దగ్గర ఒకడు జారిపడ్డాడని అందరికీ గుర్తుంది. దేని గురించి ఆలోచిస్తే అదే గుర్తుంటుంది. పిల్లలు బాగా నవ్వారు, బాగా కదిలారు అంటే పాఠం ఎక్కినట్టు కాదు. ఆట ఎంత బాగున్నా చివరి పది నిమిషాలు కాగితానికి దాచిపెట్టండి. బొమ్మ, మాట రెండూ కలిస్తే గుర్తు చేసుకోవడానికి తలలో రెండు దార్లుంటాయని అలన్ పైవియో అనే కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల నుంచీ చెప్తూ వచ్చాడు. మన పాత డ్రాయింగ్ షీట్లూ మంచివే, కాకపోతే వాటిని చూసి వేయిస్తాం. చూడకుండా వేయించాలి.

బోర్డు మీద ఎంత

ఇది పిల్లలకు చేసి చూపించండి, వాళ్లకూ సరదాగా ఉంటుంది. బోర్డు మీద ఇలా రాయండి: డ, పే, గో, ల్లి, చి, గం, కొం, కా, ట, నాం, ల, గూ, బే, ప, డ. పది సెకన్లు చూపించి చెరిపేసి, గుర్తున్నవి రాయమనండి. ఎక్కువమంది నాలుగైదు దగ్గర ఆగిపోతారు. ఇప్పుడు అవే పదిహేను అక్షరాల్ని ఇలా రాయండి: గోలకొండ, బేగంపేట, నాంపల్లి, కాచిగూడ. అందరూ చకచకా రాసేస్తారు.

అక్షరాలు పెరగలేదు, తగ్గలేదు. ముందే తెలిసిన పేర్లు కావడంతో పదిహేను వస్తువులు నాలుగు మూటలయ్యాయి. మనసు ఒకేసారి చేతిలో పట్టుకోగలిగేది చాలా తక్కువ. 1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ ఏడు, అటూ ఇటూ రెండు అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ అది ఇంకా తక్కువని, నాలుగు దగ్గర ఉంటుందని చెప్పాడు. ఇప్పుడు మన పీరియడ్ సంగతి చూడండి. కొత్త పాఠం, అందులో పది కొత్త మాటలు, అవి ఇంగ్లీషులో, బోర్డు మీద నేను రాస్తున్నది నోట్సులోకి ఎక్కించుకోవాలి, అదే సమయంలో నేను మాట్లాడుతున్నది వినాలి. పిల్లవాడు ఎక్కడో ఒక దగ్గర చెయ్యి వదిలేస్తాడు. సాధారణంగా వదిలేసేది అర్థాన్నే, ఎందుకంటే నోట్సు అయితే మనం చూస్తాం.

నేను మార్చుకున్నవి మూడు. నేను మాట్లాడేటప్పుడు ఎవరూ రాయకూడదు, వాళ్లు రాసేటప్పుడు నేను మాట్లాడను. రెండోది అనుకున్నంత తేలిక కాదు, నోరు ఆగదు. బొమ్మకు 1, 2, 3 అని అంకెలు వేసి పేర్లు పక్కన ఇంకెక్కడో రాయడం మానేసి, పేరు ఆ భాగం మీదే రాస్తున్నాను. కళ్లు అటూ ఇటూ పరిగెత్తే శ్రమ తగ్గుతుంది. ఇక పీరియడ్‌కు కొత్త మాటలు నాలుగు మించనివ్వను.

భాష గురించి కొంచెం ఆగాలి. మా క్లాసులో తెలుగు, ఉర్దూ, హిందీ, లంబాడీ మాట్లాడే ఇళ్ల పిల్లలున్నారు. పాఠ్యపుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. ఇంగ్లీష్ మీడియం అన్నారు కదా అని మొదటి నిమిషం నుంచి ఇంగ్లీషులోనే చెప్తే మనసు పట్టుకోగలిగే ఆ నాలుగు చోట్లలో రెండు భాషకే పోతాయి. ముందు విషయం ఇంటి మాటలో, ఆ తర్వాత దాని పేరు ఇంగ్లీషులో. ఆస్మాసిస్ అనే మాట బోర్డు మీద పెట్టకముందే కిస్‌మిస్‌లు నీళ్లలో వేసి పెడతాను. పీరియడ్ చివర ఉబ్బినదాన్ని చేతిలో పట్టుకొని "మేడం, కిష్మిష్ ఫూల్ గయా, పానీ అందర్ గయా" (కిస్‌మిస్ ఉబ్బింది, నీళ్లు లోపలికి పోయాయి) అని ఒక పిల్లాడు చెప్పాక, దానికి పేరు ఆస్మాసిస్ అని నేను చెప్తాను. పరీక్షలో ఇంగ్లీషులోనే రాశాడు, బాగానే రాశాడు.

నోరు మూసుకోవడం

మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో క్లాసుల రికార్డింగులు విని, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేల్చింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు మాట్లాడతారు, "తెలియదు" అనేవి తగ్గుతాయి. చదివి, నేను అలా కాదులే అనుకొని ఫోన్‌లో నా క్లాసే రికార్డ్ చేసుకున్నాను. ఒక సెకను కూడా లేదు. ప్రశ్నా నాదే, జవాబూ నాదే.

ఇప్పుడు చెయ్యి వెనక్కి పెట్టుకొని వేళ్ల మీద "ఒక చార్మినార్, రెండు చార్మినార్, మూడు చార్మినార్" అని మనసులో అనుకుంటాను. ఆ మూడూ మొదట్లో ముప్పై సెకన్లలా ఉంటాయి. ఒకసారి అదే సమయంలో హెచ్చెం గారు కిటికీలోంచి తొంగి చూశారు. క్లాసు నిశ్శబ్దం, టీచరు శూన్యంలోకి చూస్తూ నిలబడి ఉంది. ఏమనుకున్నారో అడగలేదు.

దీంతో పాటు ఇంకో చిన్న పని. ప్రశ్న ముందు, పేరు తర్వాత. "ఒరేయ్ నువ్వు చెప్పు" అని ముందే పేరు పిలిస్తే మిగతావాళ్లు తలలో దుకాణం కట్టేస్తారు. కుల్ఫీ పుల్లల మీద పేర్లు రాసి గ్లాసులో వేశాను. ప్రశ్న, మూడు చార్మినార్లు, తర్వాత పుల్ల. వచ్చిన పుల్ల మళ్లీ గ్లాసులోకే వెయ్యాలి. పక్కన పెట్టేస్తే "నా పని అయిపోయింది" అని వాడు నిశ్చింతగా కూర్చుంటాడు.

భయం, అన్నం, నిద్ర

పుల్లలు మొదలుపెట్టిన వారంలోనే ఒకమ్మాయి పుల్ల వచ్చింది. రఫ్ నోట్స్‌లో జవాబు రాసి ఉంది, నేను చూశాను కూడా. లేచి నిలబడింది, పెదాలు కదిలాయి, మాట రాలేదు. కళ్లలో నీళ్లు. నేను తిట్టలేదు, కొట్టలేదు. అంతకు రెండేళ్ల ముందు ఇంకెక్కడో నిలబెట్టి నవ్వించారట, అది అలా మిగిలిపోయింది. భయం వేసినప్పుడు మెదడు ప్రాణం కాపాడే పనిలో పడిపోతుంది, నెమ్మదిగా ఆలోచించి వెతికే భాగాలకు వీలు చిక్కదు. గుర్తుండీ రాకపోవడం అంటే అదే. అప్పట్నుంచి పుల్ల వచ్చినవాళ్లు లేవక్కర్లేదు. ముందు అర నిమిషం పక్కవాళ్లతో గుసగుసగా చెప్పుకుంటారు, తర్వాత కూర్చునే జవాబు చెప్పొచ్చు, "మేమిద్దరం ఇలా అనుకున్నాం టీచర్" అనొచ్చు. ఆ అమ్మాయి మూడు వారాలు "మేమిద్దరం" అనే చెప్పింది. నాలుగో వారం "నేను" అంది.

మెదడు మన బరువులో వందకు రెండు వంతులు కూడా ఉండీ ఉండదు, ఒంటికి అందే శక్తిలో మాత్రం ఐదో వంతు తినేస్తుంది. పొద్దున ఏమీ తినకుండా వచ్చే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. పేర్లు తెలుసుకోండి. నా టేబుల్ సొరుగులో పల్లీ పట్టీలుంటాయి. ఇది బోధనా పద్ధతి కాదనేవాళ్లతో నేను వాదన పెట్టుకోను. మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్‌లో ఉపన్యాసం ఎప్పుడూ వద్దు. ఆ పీరియడ్ డబ్బాకు, బొమ్మలకు, జంటగా చేసే పనికి. మార్చిలో ఒంటిపూట బడులు పెట్టాక ఫ్యాన్ తిరగని గదిలో పదకొండు తర్వాత కొత్త విషయం మొదలుపెట్టకండి, పాతది అడగండి.

నిద్ర గురించి పదో తరగతి తల్లిదండ్రులతో ఏటా గొడవే. పగలు నేర్చుకున్నదాన్ని మెదడు సర్దుకొని గట్టి చేసుకునేది ఎక్కువగా నిద్రలోనే. రాత్రి రెండింటి దాకా కూర్చోబెట్టి పొద్దున ఐదింటికి లేపితే, సామాను లోపల పెట్టకముందే గోదాం తాళం వేసినట్టు. మీటింగ్‌లో ఈ మాట చెప్తే ఒక నాన్న "మేడం, చదువుతడు లేండి" అన్నాడు. ఇంకో పిల్లాడిది వేరే కథ. కర్రీ పాయింట్‌లో రాత్రి పదకొండు దాకా పని, ఫస్ట్ పీరియడ్‌లో తల వాలిపోతుంది. వాణ్ని లేపి నిలబెట్టినంత కాలం ఏమీ రాలేదు. పది నిమిషాలు వదిలేస్తే ఆ తర్వాత క్లాసులో ఉంటాడు. నియమం ప్రకారం ఇది తప్పే, అయినా చేస్తున్నాను.

వదిలేసినవి

ఒక ట్రైనింగ్‌లో మమ్మల్ని చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అని మూడు వరసల్లో కూర్చోబెట్టారు. నేను కూడా వచ్చి పిల్లల్ని అలాగే విడదీశాను, పేర్ల పక్కన రంగు చుక్కలు పెట్టాను. ఒక నెల వృథా. హెరాల్డ్ పాష్లర్, ఇంకొందరు 2008లో ఉన్న పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, పిల్లవాడి శైలికి తగ్గట్టు చెప్తే ఎక్కువ నేర్చుకుంటాడని చూపే సరైన ఆధారం లేదన్నారు. గుండె పాఠానికి బొమ్మ అందరికీ కావాలి, పక్షి కూతకు చెవి అందరికీ కావాలి. పద్ధతిని పాఠం తేలుస్తుంది. కుడి మెదడు పిల్లలు, ఎడమ మెదడు పిల్లలు అనేదీ, మనం మెదడులో పది శాతమే వాడతామనేదీ ఈ కోవలోవే. స్టాఫ్‌రూంలో ఎవరైనా అంటే నవ్వి ఊరుకుంటాను.

మా మ్యాథ్స్ సార్ దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. ఆయన రివిజన్‌లో ఒకే రకం లెక్కలు పది వరసగా ఇవ్వరు, నాలుగు పాఠాల లెక్కలు కలిపేస్తారు. వరసగా ఇస్తే సూత్రం ఏదో ముందే తెలిసిపోతుంది, పరీక్షలో తెలియదు కదా అంటారు. జనవరి నుంచి నేనూ డబ్బాలో చీటీలు కలిపే లాగిస్తున్నాను. పిల్లలు మొదట్లో విసుక్కుంటారు.

మొదలుపెట్టాలనుకుంటే అన్ని క్లాసుల్లో వద్దు. ఒక్క సెక్షన్, మూడు వారాలు, పొద్దున మూడు ప్రశ్నలు మాత్రమే. మొదటి వారం చూడ్డానికి బాగుండదు. మీరు చెప్పిందాంట్లో ఎంత తక్కువ మిగిలిందో రోజూ కనబడుతుంటే మనసు చివుక్కుమంటుంది. ఇంతకుముందూ మిగిలింది అంతే, చూసుకునేది పరీక్షలప్పుడు కాబట్టి తెలియలేదు.

పోయిన ఫిబ్రవరికి డబ్బా మూత పడనంత నిండింది. ఒక రోజు చీటీ తీస్తే ఇలా ఉంది: "పుపుస ధమనిలో చెడు రక్తం ఉంటుంది. మరి దాన్ని ధమని అని ఎందుకంటారు?" పుపుస ధమని అంటే గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే నాళం. ఆక్సిజన్ తక్కువున్న రక్తాన్ని చెడు రక్తమనడం నాకు నచ్చదు, ఎన్నిసార్లు చెప్పినా వదలరు. వెనక్కి తిప్పితే జవాబు లేదు. "డౌట్" అని మాత్రం రాసి ఉంది. మరుసటి రోజు దాన్నే మూడో ప్రశ్నగా బోర్డు మీద రాసి, చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.